నీలం దీపం ఆరేలోగా

కేదారేశ్వరి గారిని ఏదైనా అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఆ ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు ముందుగా తెలిసే సంగతి ఇదే. అందుకని కాస్త లౌక్యం తెలిసినవాళ్ళు ఆమెను ఏమీ అడగరు. శౌరికి లౌక్యం లేదని కాదు, కానీ ఆ రోజు అతని అయోమయం లౌక్యాన్ని మించిపోయింది. వెళ్ళి ఆమె బల్ల ముందు నిలబడ్డాడు.

"మేడమ్, మనం రాసింది ఎదుటి మనిషికి స్పష్టంగా ఉందో లేదో మనకు ఎలా తెలుస్తుంది?"

ఆ ఆఫీసు నరసరావుపేటలో ఒక పైపుల దుకాణం మీది మేడలో ఉంది. పొలంలో ఉన్న బోరు మోటారును ఇంట్లో కూర్చుని ఫోన్‌తో వేసుకునే, ఆపుకునే పెట్టెలను ఆ కంపెనీ తయారు చేస్తుంది. పెట్టె మొరాయించినప్పుడు రైతు ఎవరికోసమూ ఎదురుచూడకుండా తనంతట తానే సరిచేసుకోవడానికి ఫోన్‌లోనే 'సహాయం' అనే పేజీలు ఉంటాయి. వాటిని రాసేవాళ్ళకు కేదారేశ్వరి గారు పెద్ద. ఆమె చాలాకాలం బడిలో లెక్కలు చెప్పి, పిల్లలకు అర్థం కానిది ఎక్కడో కనిపెట్టడంలో ఆరితేరి, ఆ తరువాత ఈ పనిలోకి వచ్చారు. శౌరి ఆమె దగ్గర రాత నేర్చుకుంటున్నాడు.

అతని ప్రశ్నకు కారణం ఒక పేజీ. రైతు ఫోన్ మార్చితే పెట్టె కొత్త ఫోన్‌ను గుర్తుపట్టదు, రెండింటికీ మళ్ళీ పరిచయం చేయాలి. ఎలా చేయాలో శౌరి రాశాడు. పెట్టె తలుపు తీసి లోపలి తెల్ల బొత్తాన్ని నొక్కిపట్టాలి. నీలం దీపం మినుకుమినుకుమంటుంది. ఆ దీపం ఆరేలోగా ఫోన్‌లో 'జత చేయి' అన్నచోట నొక్కాలి. ఫోన్‌కు వచ్చే అంకెలు అక్కడే వేస్తే దీపం నిలకడగా వెలుగుతుంది, పని అయిపోతుంది. ఇంతకంటే సుళువుగా ఎవరు మాత్రం చెప్పగలరు? అయినా ఆ పేజీ చదివినవాళ్ళు ఫోన్ చేస్తూనే ఉన్నారు. "అర్థం కాలేదండీ, మాకంత చదువు లేదు" అంటున్నారు.

శౌరి ఆ మాట పట్టుకుని పేజీని ఇంకా సుళువు చేశాడు. పెద్ద మాటలు పీకేసి చిన్న మాటలు పెట్టాడు. బొమ్మలు వేశాడు, బొమ్మల మీద బాణాలు వేశాడు. చూసుకోవడానికి వీలుగా అతని బల్ల పక్కన గోడకు ఒక పెట్టె బిగించి ఉంది. ఆఫీసులో లెక్కలు చూసే ఆయన్నీ, టీ తెచ్చే ఆయన్నీ, కింద దుకాణందారు భార్యనూ ఒక్కొక్కరినే దాని ముందుకు పిలిచి, చేతికి ఫోన్ ఇచ్చి, పేజీ చదివి చేయమన్నాడు. అందరూ చకచకా చేసి పారేశారు. ఇంత చిన్న పనికి ఇంత రాత ఎందుకని దుకాణం ఆవిడ నవ్వింది కూడా. ఇక్కడ అందరికీ వస్తోంది, అక్కడ ఎవరికీ రావడం లేదు. ఇదెక్కడి వింతో శౌరికి అంతుపట్టలేదు.

కేదారేశ్వరి గారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ ఇదంతా విన్నారు. అంతలో ఆమె బల్ల మీది ఫోన్ మోగింది. ఎత్తి, అవతలి మాట కొంచెం విని, శౌరి చేతికి ఇచ్చారు.

"నీ పేజీ సంగతే. నువ్వే మాట్లాడు. పేజీలో ఉన్నదే చెప్పు, లేని ముక్క ఒక్కటీ చేర్చకు."

అడిగిన ప్రశ్నకూ ఈ పనికీ ఏమిటి సంబంధమని శౌరి అనుకున్నాడు గాని పైకి అనలేదు. ఫోన్‌లో ఉన్నది సైదమ్మ అనే రైతు. పాత ఫోన్ బిందెలో పడి పాడైపోతే కొత్తది కొన్నది. ఇప్పుడు మోటారు పలకడం లేదు. చేత్తో వేద్దామంటే అదీ కుదరదు. పక్కవాళ్ళు దొంగచాటుగా నీళ్ళు పెట్టుకోకుండా, పెట్టె ఫోన్‌ను గుర్తుపట్టేదాకా చేతి మీట కూడా పడకుండా కంపెనీవాళ్ళు కట్టుదిట్టం చేశారు. కంపెనీ మెకానిక్కు ఆ వైపు ఊళ్ళన్నీ చూసుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ ఎప్పుడు వస్తాడో తెలియదు.

"పెట్టె తలుపు తీయండమ్మా," అన్నాడు శౌరి.

"ఇప్పుడే తియ్యాలా?"

"ఇప్పుడే తీయండి. తెల్ల బొత్తాం నొక్కిపట్టుకోండి. నీలం దీపం వెలుగుతుంది, చూడండి."

"అట్టాగే నాయనా," అని సైదమ్మ ఫోన్ పెట్టేసింది.

శౌరి బిత్తరపోయాడు. బొత్తాం నొక్కమంటే ఫోన్ పెట్టేయడం ఏమిటి? చాలాసేపటికి మళ్ళీ ఫోన్ వచ్చింది. సైదమ్మ రొప్పుతోంది.

"నొక్కా నాయనా. నీలం లైటు వచ్చింది. ఫోన్లో కూడా నొక్కా. ఏం రాలా."

"దీపం ఇంకా వెలుగుతోందా అమ్మా?"

"ఏమో. ఇప్పుడు నాకెట్టా తెలుసుద్ది?"

కళ్ళెదురుగా ఉన్న దీపం వెలుగుతోందో లేదో తెలియకపోవడం ఏమిటని శౌరి తల గోక్కున్నాడు. కాసేపు తటపటాయించి, కళ్ళజోడు ఉందా అని మర్యాదగా అడిగాడు. కళ్ళకేం, బాగానే ఉన్నాయని ఆమె అంతే మర్యాదగా చెప్పింది. పోనీ మళ్ళీ మొదటినుంచీ చేయమన్నాడు. మళ్ళీ ఫోన్ పెట్టేసింది, మళ్ళీ చాలాసేపటికి చేసింది, మళ్ళీ అదే రొప్పు. ఒక బొత్తాం నొక్కితే మనిషికి ఇంత ఆయాసం ఎందుకు వస్తుందో అతని బుర్రకు తట్టలేదు. ఈసారి సైదమ్మ బతిమాలింది.

"నారు వాడిపోతా ఉంది నాయనా. ముందు పోసిన మిరప గింజ మొలవలా. అప్పుజేసి మళ్ళీ గింజ తెచ్చి పోశా. ఇదీ పోతే ఈ ఏడు నాకు మిరప లేనట్టే. నీకు పుణ్యముంటది, నాకు అర్థమయ్యేట్టు ఒక్కసారి చెప్పు."

శౌరి చెప్పిందే చెప్పాడు. ఇంకేం చెప్పాలో అతనికి తెలియదు, తెలిసినా చెప్పకూడదని ఆజ్ఞ. ఫోన్ పెట్టేసి, చేతులెత్తేసినట్టు కేదారేశ్వరి గారివైపు చూశాడు.

"ఏమైనా తెలిసిందా?" అన్నారు ఆమె.

"లేదు మేడమ్. ముందు తెలిసింది కూడా పోయింది."

"పొద్దున్నే బస్సెక్కి ఆవిడ దగ్గరికి వెళ్ళు. ఆవిడ ఫోన్ నువ్వు తీసుకుని, నీ పేజీ నువ్వే చదువుకుంటూ నువ్వే చెయ్యి. అక్కడ కూడా పేజీలో లేని పని చెయ్యకు."

ఇది పాఠమో, శిక్షో, తనను వదిలించుకునే ఉపాయమో శౌరికి తెలియలేదు. బస్సులో కూర్చున్నంతసేపూ అదే ఆలోచించాడు. పెట్టె పాడైతే మెకానిక్కును పంపాలి గాని, రాసేవాణ్ణి పంపడం ఎక్కడైనా ఉందా?

సైదమ్మ ఇంటిముందే ఎదురుచూస్తూ ఉంది. మనిషి బక్కపలచన, నడుస్తుంటే ఒక పక్కకు ఒరుగుతోంది. మంచినీళ్ళు ఇచ్చి, ఫోన్ అతని చేతిలో పెట్టింది. శౌరి పేజీ తెరిచాడు. చక్కగా తెరుచుకుంది. తను వేసిన బాణాలు తనకే ముద్దొచ్చాయి. మొదటి వాక్యం చదివాడు. పెట్టె తలుపు తీయండి.

"పెట్టె ఎక్కడుందమ్మా?"

సైదమ్మ అతన్ని విచిత్రంగా చూసింది. "పొలంలో ఉంది నాయనా. మోటారు కాడ."

ఉండాల్సింది అక్కడే. ఆ సంగతి శౌరికి తెలియక కాదు. అయినా ఆ క్షణంలో అతనికి ఎవరో వీపు మీద చరిచినట్టు అనిపించింది. ఎందుకో మాత్రం ఇంకా తెలియలేదు. ఇద్దరూ నడక సాగించారు. ఎంత దూరమని అడిగితే ఇదిగో వచ్చేశామంది. ఎంతసేపు నడిచినా అదే మాట అంది.

"ఈ నడక తప్పుద్దనేగా నాయనా పెట్టె కొనుక్కుంది," అంది దారిలో, నిష్ఠూరం లేకుండా.

పొలం చేరగానే శౌరి నారుమళ్ళు చూశాడు. గట్టు వారన ఉన్న మళ్ళలో మొలకలు ఆకులు ముడిచి తలలు వాల్చేశాయి. పక్క పొలం తొట్టిలోంచి సైదమ్మ బిందెలతో మోసి పోసిన మళ్ళు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఆమె ఒక పక్కకు ఒరిగి ఎందుకు నడుస్తోందో అప్పుడు అర్థమైంది. కరెంటు పొద్దున వచ్చి మధ్యాహ్నానికి పోతుందట. ఇవాళ కూడా నీళ్ళు పారకపోతే మిగిలినవి కూడా నిలవవని ఆమె చెప్పనక్కరలేకపోయింది.

అతను గబగబా పెట్టె తలుపు తీసి తెల్ల బొత్తాం నొక్కిపట్టాడు. నీలం దీపం మినుకుమంది. సంబరంగా ఫోన్‌లో 'జత చేయి' నొక్కాడు. తెర మీద ఒక సున్నా గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. అది తిరుగుతూనే ఉంది, దీపం ఆరిపోయింది. తరువాత ఏం చేయాలో చూద్దామంటే పేజీ కూడా లేదు. తెర తెల్లగా ఉంది.

"ఈడ ఫోన్ పలకదు నాయనా," అంది సైదమ్మ. ఆ పొలాల్లో ఫోన్ పలకదని ఊళ్ళో అందరికీ తెలుసు. అందరికీ తెలిసిన సంగతి కాబట్టే ఆమె దాన్ని ఫోన్‌లో చెప్పలేదు.

"మరి పెట్టెకు సిగ్నల్ ఎలా అందుతోంది?"

ఆమె మోటారు కొట్టం మీదికి వేలు చూపించింది. పొడవాటి గొట్టం చివర ఏరియల్ ఉంది. శౌరికి దాన్ని ఒకరు చూపించాల్సిన పని లేదు. దాన్ని ఎలా నిలబెట్టాలో చెప్పే పేజీ కూడా అతను రాసిందే.

"ఫోన్ ఎక్కడ పలుకుతుందమ్మా?"

"రోడ్డు మీద తూము కాడ పలుకుద్ది. ఇంటికాడ ఇంకా బాగా పలుకుద్ది."

శౌరి మళ్ళీ బొత్తాం నొక్కి, దీపం వెలగగానే తూము వైపు పరుగెత్తాడు. అక్కడ ఫోన్ పలికింది. రొప్పుతూ 'జత చేయి' నొక్కాడు. తెర మీద ఒక వాక్యం వచ్చింది. దీపం వెలుగుతున్నప్పుడు మాత్రమే నొక్కండి. ఆ వాక్యం రాసిందీ అతనే. రాసిన రోజున ఎంతో ముచ్చటగా కుదిరిందనుకున్నాడు. ఇప్పుడది ముఖం మీద తలుపు వేసినట్టుంది. తిరిగి పెట్టె దగ్గరకు వచ్చాడు, నొక్కాడు, తూము దగ్గరకు పరుగెత్తాడు. ఈసారి ఇంకా తొందరగా పరుగెత్తాడు. దీపం అంతకంటే తొందరగా ఆరింది.

"నేనూ ఇట్టాగే తిరిగా నాయనా," అంది సైదమ్మ గట్టు మీద కూర్చుని, జాలిగా. "నేనైతే ఇంటిదాకా పొయ్యేదాన్ని."

శౌరి గట్టు మధ్యలో నిలబడిపోయాడు. ఏ వాక్యం తప్పు? పేజీ అంతా అతనికి కంఠతా వచ్చు. ఒక్కొక్క వాక్యమే తలుచుకున్నాడు. ఒక్కటీ తప్పు కాదు, ఒక్కటీ కష్టం కాదు. అన్నీ నిజాలే. ఆ నిజాలన్నీ కలిసి ఒక ఆడమనిషిని ఎండలో ఇంటికీ పొలానికీ మధ్య పరుగులు పెట్టించాయి, ఇప్పుడు తనను పెట్టిస్తున్నాయి. అతనికి తన బల్ల గుర్తుకొచ్చింది. గోడకు పెట్టె, చేతిలో ఫోన్, మధ్యన జానెడు దూరం. అక్కడ ఎవరు చేసినా వస్తుంది. పెట్టె ఒకచోటా మనిషి ఒకచోటా ఉండడం కోసమే అమ్మే వస్తువుకు, రెండూ ఒకేచోట పెట్టుకుని తను సహాయం రాశాడు. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

సిగ్గుపడుతూ కూర్చోడానికి వ్యవధి లేదు, కరెంటు పోయే వేళ దగ్గరపడుతోంది. కేదారేశ్వరి గారి ఆజ్ఞను అతను మొదటిసారి మీరాడు.

"అమ్మా, నేను తూము దగ్గరకు వెళ్ళి చెయ్యి ఎత్తుతాను. అప్పుడు మీరు ఆ తెల్ల బొత్తాం నొక్కిపట్టండి. నీలం దీపం రాగానే కొట్టం బయటికి వచ్చి నా మెడలోని ఈ తువ్వాలు ఊపండి. ఇద్దరం చేద్దాం."

"ఇద్దరు చెయ్యొచ్చా?" అంది సైదమ్మ నమ్మలేనట్టు. "పేజీలో అట్టా లేదే."

లేదని అతనికి తెలుసు. తూము దగ్గరకు పోయి చెయ్యి ఎత్తాడు. కొట్టంలోంచి సైదమ్మ వచ్చి తువ్వాలు ఊపింది. 'జత చేయి' నొక్కాడు. అంకెలు వచ్చాయి. అవి వేసి, ఫోన్‌లోనే మోటారు వేశాడు. మోటారు ఒక్కసారి మూలిగి అందుకుంది. గొట్టంలోంచి ముందు గాలి, తరువాత బురద, ఆ తరువాత తేట నీళ్ళు వచ్చాయి. శౌరి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి సైదమ్మ కాలువకు అడ్డం ఉన్న మట్టిని చేత్తోనే తోసేస్తోంది. నీళ్ళు మడిలోంచి మడిలోకి పారాయి. అన్ని మళ్ళకూ అందకముందే కరెంటు పోయింది. గట్టు వారన ఉన్న మళ్ళు దక్కలేదు. ఆమె వాటివైపు కాసేపు చూసి, పచ్చగా ఉన్నవైపు తిరిగి కూర్చుంది.

"సగానికి పైగా దక్కింది నాయనా. నిన్ను నిన్నటినుంచి తిప్పలు పెట్టా. ఆ పేజీ రాసినాయన బాగానే రాశాడు, బొమ్మలు గూడా ఏశాడు. నాకే బుర్ర లేదు. నేను సరిగ్గా చదువుకున్నట్టయితే ఆ మళ్ళు గూడా ఉండేయి."

శౌరి ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఆమెకు తెలిసే దారి లేదు. కానీ ఊరుకోలేకపోయాడు.

"ఆ పేజీ రాసింది నేనేనమ్మా."

సైదమ్మ అతని బురద కాళ్ళనూ, చెమటకు తడిసిన చొక్కానూ ఎగాదిగా చూసింది. ఆమెకు కోపం రాలేదు. నిజంగానే అర్థంకాక అడిగింది.

"నువ్వే రాస్తే నీకు తెలియాలిగా నాయనా. మరి నువ్వెందుకు ఇందాకటిదాకా నాలాగే తిరిగావు?"

 ఎండకు ఎవరి బుర్రయినా పనిచేయదులే అని ఆమే అతన్ని సముదాయించి, ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టింది. 

మర్నాడు అతను ఆఫీసుకు వెళ్ళగానే గోడకు బిగించిన పెట్టెను విప్పి కింద పెట్టాడు. తరువాత కేదారేశ్వరి గారి దగ్గరకు వెళ్ళి జరిగిందంతా చెప్పాడు, దక్కని మళ్ళ సంగతీ, సైదమ్మ అడిగిన ప్రశ్నా దాచుకోకుండా చెప్పాడు. ఆమె చేస్తున్న పని ఆపి విన్నారు. తన ఆజ్ఞ మీరినందుకు ఏమీ అనలేదు. చెప్పడం అయిపోయినా శౌరి కదల్లేదు. అతని మనసులో ఇంకా ఒక చిక్కు మిగిలిపోయింది.

"ఒక్క సంగతి మాత్రం నాకు అర్థం కావడం లేదు మేడమ్. ఇంతమంది ఆ పేజీ చదివి ఇన్నిసార్లు ఫోన్ చేశారు. పేజీలో లోపం ఉందని ఒక్కరైనా చెప్పలేదేం?"

కేదారేశ్వరి గారు అతన్ని కూర్చోమన్నారు. ఎన్నడూ లేనిది, ఈసారి పని చెప్పలేదు.

"సైదమ్మ మాత్రం చెప్పిందా? తనకు బుర్ర లేదని చెప్పింది. అందరూ అదే చెప్పారు శౌరీ. నువ్వూ నమ్మావు."